ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ ఎక్కడ జరగాలి, ఎలా జరగాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

టెస్టు జట్లు రెండేళ్ల పాటు ఒక లీగ్ ఆడతాయి, దాని పట్టికలో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లు గద కోసం ఈ ఫైనల్ ఆడతాయి. టెస్టు క్రికెట్‌ను ఇష్టంగా చూసేవాళ్లు కలిసినప్పుడల్లా ఈ ఫైనల్ మీద వాదన మొదలవుతుంది. ఎప్పుడూ ఇంగ్లండేనా? ఒక్క మ్యాచేనా? డ్రా అయితే గద ఎవరిది? ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఇస్తున్నాను. నియమం ఏమిటో చెప్పాల్సిన చోట నియమం చెప్పాను, నా అభిప్రాయం చెప్పాల్సిన చోట అదీ దాచుకోలేదు.

ఇప్పటిదాకా ఫైనల్స్ ఎక్కడెక్కడ జరిగాయి?

మూడు జరిగాయి. మూడూ ఇంగ్లండ్‌లోనే, మూడూ జూన్‌లోనే. 2021లో సౌతాంప్టన్‌లో న్యూజిలాండ్ 8 వికెట్లతో భారత్‌ను ఓడించింది. 2023లో లండన్‌లోని ఓవల్‌లో ఆస్ట్రేలియా 209 పరుగులతో మళ్లీ మననే ఓడించింది. 2025లో లార్డ్స్‌లో దక్షిణాఫ్రికా 5 వికెట్లతో ఆస్ట్రేలియా మీద గెలిచింది. తొలి ఫైనల్ కూడా లార్డ్స్‌లోనే జరగాల్సింది. కోవిడ్ కారణంగా, మైదానంలోనే హోటల్ ఉన్న సౌతాంప్టన్‌కు మార్చారు. ఆటగాళ్లను బయటికి పంపకుండా బయోబబుల్‌లో ఉంచడానికి అదే వీలైంది. రోజుకు 4,000 మంది ప్రేక్షకులకే అనుమతి ఇచ్చారు.

తర్వాతి ఫైనల్స్ ఎక్కడో తేలిపోయిందా?

తేలిపోయింది. 2027, 2029, 2031 ఫైనల్స్ ఆతిథ్యం కూడా ఇంగ్లండ్ బోర్డుకే ఇస్తున్నట్టు 2025 జులైలో సింగపూర్‌లో జరిగిన వార్షిక సమావేశాల సమయంలో ఐసీసీ ప్రకటించింది. అంటే మొదటి ఆరు ఫైనల్స్ ఒకే దేశంలో. ఇంత ముందుగా ఇలా రాసిచ్చేయడం నాకు నచ్చలేదు. ఎందుకో కింద చెబుతాను.

ప్రతిసారీ ఇంగ్లండే ఎందుకు?

కారణాలు ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసిపారేయలేం. మొదటిది వాతావరణం. జూన్‌లో మన దేశంలో, బంగ్లాదేశ్‌లో, శ్రీలంకలో నైరుతి రుతుపవనాలు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చలికాలం. దుబాయ్, అబుదాబిలలో 40 డిగ్రీలు దాటే ఎండ. వెస్టిండీస్‌లో అదే నెలలో తుఫాన్ల సీజన్ మొదలవుతుంది. దక్షిణాఫ్రికాలో జొహన్నెస్‌బర్గ్ వైపు జూన్‌లో వానలుండవు కానీ పగలు చాలా చిన్నది, పదిన్నర గంటలకు మించదు. టెస్టుకు అది ఇరుకే.

రెండోది వెలుతురు. జూన్‌లో లండన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు గుంకదు. మధ్యాహ్నం వాన పడి రెండు గంటలు పోయినా సాయంత్రం కొంత ఆడించుకోవచ్చు. ఈ సౌకర్యం మన దగ్గర ఏ నెలలోనూ దొరకదు.

మూడోది జనం. ఎవరు ఆడినా స్టాండ్స్ నిండుతాయి. భారత్ ఆడితే చెప్పనక్కర్లేదు. 2025లో ఇంగ్లండ్ గానీ భారత్ గానీ లేకపోయినా లార్డ్స్‌లో జనం కిక్కిరిశారు. టీవీ వేళలు కూడా కుదురుతాయి. అక్కడ పొద్దున పదిన్నరకు మొదలైతే మనకు మధ్యాహ్నం మూడు, ఆట ముగిసేసరికి రాత్రి పది. ఆఫీసు నుంచి వచ్చి చివరి సెషన్ చూడొచ్చు.

ఇన్ని సౌకర్యాలుంటే అక్కడే ఉంచితే తప్పేముంది?

టెస్టు క్రికెట్ అంటే ఒక్క రకం ఆట కాదు కాబట్టి. రెండేళ్ల లీగ్‌లో ప్రతి జట్టూ సొంతగడ్డ మీద మూడు సిరీస్‌లు, బయట మూడు సిరీస్‌లు ఆడుతుంది. గాల్‌లో తిరిగే బంతి, పెర్త్‌లో లేచే బంతి, చట్టోగ్రామ్ ఉక్కపోత, సెంచూరియన్ బౌన్స్, అన్నీ దాటుకుని పైకొస్తుంది. తీరా చివర్లో మాత్రం ప్రతిసారీ జూన్ పచ్చిక, ఇంగ్లండ్‌లో వాడే డ్యూక్స్ బంతి, మబ్బు పట్టిన ఆకాశం. రెండేళ్లూ అన్ని సబ్జెక్టులూ చదివించి, ఫస్టు ర్యాంకు ఎవరిదో ప్రతిసారీ ఒకే సబ్జెక్టు పరీక్షతో తేల్చినట్టు ఉంటుంది.

మూడు ఫైనల్స్‌లోనూ టాస్ గెలిచిన కెప్టెన్ ఏం చేశాడో చూడండి. 2021లో విలియమ్సన్ బౌలింగ్ తీసుకున్నాడు. 2023లో రోహిత్ బౌలింగ్ తీసుకున్నాడు. 2025లో బవూమా కూడా అంతే. టెస్టు చరిత్రలో ఎక్కువ కాలం టాస్ గెలిస్తే కళ్లు మూసుకుని బ్యాటింగ్ అనేవాళ్లు. ఈ ఫైనల్‌లో మాత్రం ముగ్గురు వేర్వేరు కెప్టెన్లు, మూడు వేర్వేరు మైదానాల్లో, ఒకే నిర్ణయం తీసుకున్నారు. అప్పటి పరిస్థితులే వాళ్ల చేత అలా చేయించాయి.

2023లో ఇంకొకటి జరిగింది. అప్పటికి ఐసీసీ ర్యాంకింగ్స్‌లో నంబర్ వన్ టెస్టు బౌలర్ అశ్విన్. తొలి రోజు మబ్బు చూసి నలుగురు పేసర్లతో వెళ్లి ఆయన్ను పక్కన కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి ఎండ కాసింది. ట్రావిస్ హెడ్ 163, స్మిత్ 121, ఇద్దరూ కలిసి 285 పరుగులు జోడించారు. ఆ ఇన్నింగ్స్‌లో మన సిరాజ్ 4 వికెట్లు తీసినా ఆస్ట్రేలియా 469 దాకా వెళ్లింది. తర్వాత నాలుగో ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియా స్పిన్నర్ నాథన్ లయన్ 4 వికెట్లు తీశాడు. జట్టు ఎంపిక తప్పు భారత్‌దే, అందులో వాదన లేదు. నాకు బాధగా ఉండేది వేరే విషయం. ప్రపంచంలోనే మేటి స్పిన్నర్ ప్రపంచ టెస్టు ఫైనల్‌లో అవసరం లేదనిపించే చోట, అనిపించే నెలలో ఆ మ్యాచ్‌ను మనం కట్టేశాం.

మరి ఎక్కడ పెట్టాలి? ఎప్పుడు పెట్టాలి?

చోటు కంటే ముందు నెల మార్చాలి. అసలు చిక్కుముడి జూన్‌లో ఉంది. జూన్ అని పట్టుకుని కూర్చుంటే ఇంగ్లండ్ తప్ప వేరే దారి లేదు. ఫిబ్రవరి అనుకోండి, లెక్క తలకిందులవుతుంది. మన దేశంలో ఫిబ్రవరి మంచి కాలం. శ్రీలంకలో గాల్, కొలంబో వైపు కూడా ఆడుకోవచ్చు. దుబాయ్‌లో చల్లగా ఉంటుంది. కేప్‌టౌన్‌లో వానలన్నీ వాళ్ల చలికాలంలోనే, అంటే ఫిబ్రవరి పొడి నెల. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో వేసవి. ఆ నెలలో కుదరనిది ముఖ్యంగా ఇంగ్లండ్‌కు, ఐర్లండ్‌కు.

ఇంగ్లండ్‌ను పూర్తిగా తప్పించమని నేను అనడం లేదు. ఒక ఫైనల్ జూన్‌లో ఇంగ్లండ్‌లో, తర్వాతిది ఫిబ్రవరిలో మరో దేశంలో. చోటును బట్టి నెల మారాలి గానీ, నెలను బట్టి చోటు కాదు. వేదిక మాత్రం చాలా ముందుగా, కనీసం రెండేళ్ల ముందు, అంటే ఆ లీగ్ మొదలయ్యేటప్పుడే చెప్పాలి. జట్లకు ఏ పరిస్థితులకు సిద్ధం కావాలో తెలియాలి.

2023 ఫైనల్ ఓడాక రోహిత్ శర్మ కూడా ఇదే అన్నాడు. జూన్‌లోనే ఎందుకు, ప్రపంచంలో ఎక్కడైనా ఆడొచ్చు కదా అని. ఓడాక అన్న మాట కాబట్టి చాలామంది సాకుగా తీసుకున్నారు. గెలిచినవాడు అడిగినా, ఓడినవాడు అడిగినా ప్రశ్న మాత్రం సరైనదే.

ఫిబ్రవరికి మారిస్తే లీగ్ షెడ్యూల్ కుదురుతుందా?

ఇప్పుడు లీగ్ ముగిసిన తీరు చూస్తే కుదిరించుకోవచ్చనే అనిపిస్తుంది. 2024 డిసెంబర్ చివర్లో సెంచూరియన్‌లో పాకిస్థాన్ మీద రెండు వికెట్లతో గెలిచి దక్షిణాఫ్రికా ఫైనల్ చేరింది. ఆ రోజు యాన్సెన్, రబాడా తొమ్మిదో వికెట్‌కు నిలబడి గెలిపించిన తీరు చూసినవాళ్లు మర్చిపోరు. వారం తిరిగేసరికి సిడ్నీలో భారత్‌ను ఓడించి ఆస్ట్రేలియా వచ్చింది. జనవరి 5కే రెండు జట్లూ తేలిపోయాయి. ఫైనల్ ఎప్పుడు? జూన్ 11న. ఐదు నెలల ఆలస్యం. ఈలోగా చాంపియన్స్ ట్రోఫీ, ఐపీఎల్, గాయాలు, ఫామ్ మార్పులు. జనవరిలో ఉన్న వేడి జూన్‌కి ఎక్కడుంటుంది?

అయితే ప్రతిసారీ అంత తొందరగా తేలదు. 2023లో మార్చి 13న క్రైస్ట్‌చర్చ్‌లో శ్రీలంక మీద న్యూజిలాండ్ చివరి బంతికి గెలిచాకే భారత్ బెర్తు ఖాయమైంది. ఫిబ్రవరిలో ఫైనల్ పెట్టాలంటే లీగ్‌ను జనవరి మొదటి వారానికల్లా ముగించాలి. జట్లకు, వాళ్ల వెంట వచ్చే అభిమానులకు వీసాలు, టికెట్ల కోసం నాలుగు వారాలైనా ఇవ్వాలి. రెండేళ్ల లీగ్‌ను కొన్ని నెలలు ముందుకు జరపడం ఒక్కసారి చేస్తే సరిపోయే పని.

ఐపీఎల్ వల్ల ఫైనల్ సన్నాహం దెబ్బతింటోందా?

తింటోంది. 2023 ఐపీఎల్ ఫైనల్ వాన వల్ల రిజర్వ్ డేకి వెళ్లి మే 30 తెల్లవారుజామున ముగిసింది. జూన్ 7న ఓవల్‌లో టెస్టు ఫైనల్. ఇలాంటి మ్యాచ్‌కు 20–25 రోజుల సన్నాహం ఉండాలని రోహిత్ అప్పట్లో అన్నాడు. ఇది మన జట్టు సమస్యే అనుకోవద్దు. 2025లో ఆస్ట్రేలియా పేసర్ హేజిల్‌వుడ్ జూన్ 3న అహ్మదాబాద్‌లో బెంగళూరు తరఫున ఐపీఎల్ ఫైనల్ ఆడి, జూన్ 11న లార్డ్స్‌లో టెస్టు బంతి పట్టుకున్నాడు. నాలుగు ఓవర్ల స్పెల్ వేసిన ఒంటితో రోజుకు ఇరవై ఓవర్లు వేయాలంటే ఎనిమిది రోజులు ఏం సరిపోతాయి?

అదే ఏడాది దక్షిణాఫ్రికా ఏం చేసిందో చూడండి. యాన్సెన్ పంజాబ్ జట్టును ప్లేఆఫ్స్‌కు ముందే వదిలి వెళ్లాడు. జట్టంతా ఇంగ్లండ్‌లోని అరండెల్‌లో జింబాబ్వేతో సన్నాహక మ్యాచ్ ఆడింది. 2021లో న్యూజిలాండ్ కూడా ఫైనల్‌కు ముందు ఇంగ్లండ్‌తో రెండు టెస్టులు ఆడి, సిరీస్ గెలిచి వచ్చింది. మనవాళ్లు తమలో తాము మ్యాచ్ ఆడుకుని దిగారు. ఇంతవరకు ఫైనల్ గెలిచినవాళ్లలో రెండు జట్లు బాగా సిద్ధమై వచ్చినవే. ఐపీఎల్‌ను తప్పుపట్టడం లేదు, అది దాని కాలంలో అది జరుగుతుంది. ఫిబ్రవరి ఫైనల్ అయితే ఐపీఎల్‌కు ముందే అయిపోతుంది, ఈ గొడవే ఉండదు.

పట్టికలో మొదట నిలిచిన జట్టు సొంతగడ్డ మీదే ఫైనల్ పెట్టొచ్చు కదా?

చాలామంది ఇష్టపడే ఆలోచన ఇది. ఆస్ట్రేలియాలో షెఫీల్డ్ షీల్డ్ ఫైనల్ 1982–83 నుంచి ఇలాగే జరుగుతోంది. పట్టికలో ముందున్న జట్టే ఆతిథ్యమిస్తుంది. దేశవాళీకి అది బాగుంది. ప్రపంచ ఫైనల్‌కు మాత్రం నేను ఒప్పుకోను.

మొదటి కారణం పట్టికే. 2023–25 లీగ్‌లో దక్షిణాఫ్రికా 69.44 శాతం పాయింట్లతో మొదట నిలిచింది. కానీ ఆ రెండేళ్లలో వాళ్లు ఆస్ట్రేలియాతో గానీ ఇంగ్లండ్‌తో గానీ ఒక్క టెస్టూ ఆడలేదు. మొత్తం 12 టెస్టులే, అన్నీ రెండేసి మ్యాచ్‌ల సిరీస్‌లు. అందులో న్యూజిలాండ్ పర్యటనకు, సొంత టీ20 లీగ్ కారణంగా, ప్రధాన ఆటగాళ్లు లేని జట్టును పంపారు. ఇదేదీ వాళ్ల తప్పు కాదు, ఎవరు ఎవరితో ఆడాలో బోర్డులు మాట్లాడుకుని రాసుకునే షెడ్యూల్ అది. లార్డ్స్‌లో వాళ్లు గెలిచిన తీరు చూశాక చాంపియన్లు కారనే దమ్ము ఎవరికీ లేదు. కానీ ఇంత ఎగుడుదిగుడు పట్టికలో రెండు శాతం తేడాకు సొంతగడ్డ అనే అంత పెద్ద బహుమతి ఇవ్వకూడదు. ఆ ఏడాది రెండో స్థానంలో ఉన్న ఆస్ట్రేలియాకు 67.54 శాతం.

రెండో కారణం ఏర్పాట్లు. వేదిక నెల ముందు తేలితే మైదానం ఖాళీ ఉండొద్దా? హోటళ్లు, ప్రసారం, టికెట్లు ఏమవుతాయి?

అలాగైతే మొదటి స్థానానికి విలువే లేదా?

ఉండాలి. దాన్ని డ్రా నియమంలో పెట్టాలి. ఇప్పుడున్న నియమం ప్రకారం ఫైనల్ డ్రా అయినా, టై అయినా ఇద్దరూ ఉమ్మడి విజేతలు. రెండేళ్లు ఆడాక ఉమ్మడిగా గద పట్టుకోవడం ఎవరికి తృప్తి? డ్రా అయితే పట్టికలో ముందున్న జట్టుదే టైటిల్ అనాలి.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ముందున్న జట్టు డ్రా కోసమే ఆడుతుంది కదా అని. షెఫీల్డ్ షీల్డ్‌లో ఆ భయం నిజమే. చాలా ఏళ్లు అక్కడ ఫైనల్ డ్రా అయితే ఆతిథ్య జట్టే విజేత. సొంత మైదానం, పిచ్ తయారుచేసే సొంత క్యూరేటర్, పైగా డ్రా చాలు. చప్పటి పిచ్ వేయించుకుని రెండు రోజులు బ్యాటింగ్ చేయాలనే ఆశ పుట్టదా? తర్వాత వాళ్లు ఆ నియమాన్ని మార్చుకున్నారు. తటస్థ వేదికలో మాత్రం డ్రా లాభం ఒకరిది, పిచ్ చేసే చెయ్యి ఇంకొకరిది. ఆ రెండూ ఒకే జట్టు చేతిలో పడకపోతే చాలు. అవతలి జట్టుకు గెలుపు తప్ప దారి లేదని తెలుసు కాబట్టి కెప్టెన్ వికెట్లు మిగిలి ఉండగానే ఇన్నింగ్స్ ముగించి డిక్లేర్ చేస్తాడు, ఫీల్డర్లను దగ్గరికి పిలుస్తాడు. మ్యాచ్ కదులుతుంది.

2021నే తీసుకుని చూడండి. అప్పుడు పట్టికలో ముందున్నది భారత్. ఆరో రోజు పొద్దున మనం 2 వికెట్లకు 64, ఆధిక్యం 32. ఈ నియమం ఉండి ఉంటే మనకు ఆ రోజు నిలబడితే చాలు, న్యూజిలాండ్‌కు ఎనిమిది వికెట్లు కావాలి. న్యూజిలాండ్ పేసర్ జేమీసన్ వచ్చి పొద్దున్నే కోహ్లీని, పుజారాను వెనక్కి పంపాడు. పంత్ 41 కొట్టినా 170కి ఆలౌట్. 139 లక్ష్యాన్ని విలియమ్సన్, రాస్ టేలర్ తేల్చేశారు. టేలర్ క్యాచ్ బుమ్రా బౌలింగ్‌లో స్లిప్‌లో పుజారా చేతుల్లోంచి జారినప్పుడు కడుపులో ఎలా దేవిందో చూసినవాళ్లకు తెలుసు. ఆ రోజు న్యూజిలాండ్ గెలవడానికి ఎలా ఆడిందో, డ్రా పనికిరాని జట్టు అలాగే ఆడుతుంది.

రంజీ ట్రోఫీలోలాగా తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో తేల్చొచ్చు కదా?

మ్యాచ్ డ్రా అయితే తొలి ఇన్నింగ్స్‌లో ఎక్కువ పరుగులు చేసిన జట్టుదే పైచేయి, ఇది మనవాళ్లకు బాగా అలవాటైన పద్ధతి. 1986–87లో హైదరాబాద్ జట్టు ఎం.వి. నరసింహారావు కెప్టెన్సీలో ఢిల్లీకి వెళ్లి, ఢిల్లీని వాళ్ల కోట్లా మైదానంలోనే తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో వెనక్కి నెట్టి రంజీ గెలిచింది. హైదరాబాద్ క్రికెట్‌కు అది ఇప్పటికీ గర్వకారణమే.

కానీ ఈ పద్ధతి ఆటను ఎటు లాగుతుందో 2025 ఫిబ్రవరి సెమీఫైనల్లో కనిపించింది. అహ్మదాబాద్‌లో కేరళ రెండు రోజులకు పైగా బ్యాటింగ్ చేసి 457 చేసింది. గుజరాత్ 455 దాకా వచ్చింది. ఆఖరి బ్యాటర్ నాగ్వాస్‌వల్లా గట్టిగా కొట్టిన బంతి బ్యాటర్‌కు బాగా దగ్గరగా షార్ట్ లెగ్‌లో ఉన్న సల్మాన్ నిజార్ హెల్మెట్‌కు తగిలి గాల్లోకి లేచి స్లిప్‌లో కెప్టెన్ సచిన్ బేబీ చేతుల్లో పడింది. రెండు పరుగుల ఆధిక్యం, కేరళ తొలిసారి ఫైనల్‌కు. ఊపిరి బిగబట్టి చూసిన క్షణమే. ఆ తర్వాత మాత్రం మ్యాచ్‌లో ఏం మిగిలింది? ఫలితం తేలిపోయాక మిగతా ఆట లాంఛనం. నాగ్‌పూర్‌లో జరిగిన ఫైనల్లోనూ అంతే. విదర్భకు 37 పరుగుల ఆధిక్యం దొరికాక రెండో ఇన్నింగ్స్ అంతా బ్యాటింగ్ చేసుకుంటూ పోయి ట్రోఫీ అందుకుంది. టెస్టు మ్యాచ్ అందమంతా రెండో ఇన్నింగ్స్‌లో లెక్క తిరగబడటంలో ఉంది. 2025 ఫైనల్లో దక్షిణాఫ్రికా తొలి ఇన్నింగ్స్‌లో 138కే ఆలౌటై 74 పరుగులు వెనకబడింది. తొలి ఇన్నింగ్స్ లెక్క అయితే ఆ మ్యాచ్ అక్కడే సగం చచ్చిపోయేది.

రిజర్వ్ డే అంటే ఆరో రోజు ఆట అని అర్థమా?

కాదు. ఐదు రోజుల్లో మొత్తం 30 గంటల ఆట జరగాలి. వాన వల్లో, వెలుతురు లేకనో పోయిన సమయాన్ని ఆ ఐదు రోజుల్లోనే పూడ్చలేకపోతే ఆరో రోజు వాడతారు. ఐదు రోజులూ పూర్తిగా ఆడి ఫలితం రాకపోతే ఆరో రోజు ఉండదు, డ్రానే. ఇప్పటిదాకా వాడింది 2021లో ఒక్కసారే. అప్పుడు మొదటి రోజు, నాలుగో రోజు ఒక్క బంతీ పడలేదు. ఈ నియమం ఇలాగే ఉండాలి. ఫిబ్రవరిలో ఆడే చోట్ల సాయంత్రం అదనపు వెలుతురు ఉండదు కాబట్టి రెండు రిజర్వ్ రోజులు పెట్టినా తప్పులేదు.

ఫలితం వచ్చేదాకా ఆడిస్తే సరిపోతుంది కదా?

ఆ ప్రయోగం అయిపోయింది. 1939 మార్చిలో డర్బన్‌లో దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్ కాలపరిమితి లేని టెస్టు ఆడాయి. మార్చి 3న మొదలై 14 దాకా సాగింది. ఇంగ్లండ్ లక్ష్యం 696. ఐదు వికెట్లకు 654 కొట్టారు, ఇంకా 42 కావాలి. అప్పుడు వాన వచ్చింది. ఇంగ్లండ్ జట్టు కేప్‌టౌన్‌లో ఓడ ఎక్కాలి, అక్కడికి రైల్లో రెండు రాత్రుల ప్రయాణం. ఆట ఆపేసి డ్రా అన్నారు. మళ్లీ అలాంటి టెస్టు జరగలేదు. గడువు లేకపోతే బ్యాటర్‌కు తొందర ఉండదు, కెప్టెన్‌కు డిక్లేర్ చేసే అవసరం ఉండదు. ఐదో రోజు సాయంత్రం పుట్టే టెన్షన్ గడువు వల్లే పుడుతుంది.

ఒక్క టెస్టుతో ఎలా? మూడు టెస్టుల ఫైనల్ పెట్టాలి కదా?

2021 ఓటమి తర్వాత కోహ్లీ, 2023 తర్వాత రోహిత్ ఈ మాట అన్నారు. 2023లో గెలిచిన ఆస్ట్రేలియా కెప్టెన్ కమిన్స్ మాత్రం ఒలింపిక్స్‌లో ఒకే రేసుతో బంగారు పతకం తేలుతుంది కదా అన్నాడు. నేను ఇక్కడ కమిన్స్ పక్షం. మూడు టెస్టులంటే నెల రోజుల పైమాటే. 2027 వేసవిలో ఇంగ్లండ్‌లో ఆస్ట్రేలియాతో యాషెస్ సిరీస్ ఉంది, దాని పక్కన నెల రోజులు ఎవరిస్తారు? పైగా మొదటి రెండూ ఒకే జట్టు గెలిస్తే మూడో టెస్టు టికెట్లు కొన్నవాళ్ల సంగతేంటి?

అసలు సిరీస్ గెలుపు వేరు, ఫైనల్ వేరు. 2025లో లార్డ్స్‌లో నాలుగో ఇన్నింగ్స్‌లో దక్షిణాఫ్రికా కెప్టెన్ బవూమా తొడ కండరం పట్టేసి కుంటుతూ 66 చేశాడు. టీ విరామంలో ఆపేద్దామా అనే మాట కూడా వచ్చింది. అయినా ఆగలేదు, మార్క్‌రమ్‌తో కలిసి నిలబడ్డాడు. మార్క్‌రమ్ 136. తర్వాతి వారం ఇంకో టెస్టు ఉండి ఉంటే కెప్టెన్‌ను అలా ఆడించేవాళ్లా? రేపు లేదు కాబట్టే ఆ ఇన్నింగ్స్ వచ్చింది. 1998 తర్వాత దక్షిణాఫ్రికా సీనియర్ జట్టుకు వచ్చిన మొదటి ఐసీసీ టైటిల్ అది.

ఆతిథ్య దేశమే ఫైనల్‌కు వస్తే తటస్థం ఎలా అవుతుంది?

కాదు. దాన్ని ఒప్పుకుని ముందుకెళ్లాలి. ఇంగ్లండ్ ఫైనల్ చేరినా ఇదే జరుగుతుంది, ఆరుసార్లూ ఆ అవకాశం వాళ్లొక్కరికే ఎందుకు? వంతులవారీగా పెడితే ఆ అదృష్టం అందరికీ తిరుగుతుంది. సొంతగడ్డ అంటే గెలుపు ఖాయమనీ లేదు. 2002లో ఆసియా టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ లాహోర్‌లో జరిగితే సంగక్కర డబుల్ సెంచరీతో శ్రీలంక గెలిచింది. 2024లో న్యూజిలాండ్ మన దగ్గరకొచ్చి 3–0తో ఊడ్చేసింది. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికా కోల్‌కతా, గువాహటిలలో 2–0తో గెలిచింది.

పిచ్ మాత్రం ఆతిథ్య బోర్డుకు వదలకూడదు. ఐసీసీ నియమించిన క్యూరేటర్ కనీసం మూడు వారాల ముందు నుంచి అక్కడ ఉండి, ఏ పిచ్ వాడుతున్నారో రెండు జట్లకూ ఒకేసారి చెప్పాలి. 2024 జనవరిలో కేప్‌టౌన్‌లో భారత్–దక్షిణాఫ్రికా టెస్టు 642 బంతుల్లో ముగిసింది. ఫలితం వచ్చిన టెస్టుల్లో అంత పొట్టిది మరోటి లేదు. ఫైనల్‌కు అలాంటి పిచ్ వస్తే రెండేళ్ల శ్రమ ఒకటిన్నర రోజులో బూడిద.

భారత్, పాకిస్థాన్ ఫైనల్ చేరితే?

ఇంగ్లండ్‌కు ఉన్న పెద్ద బలం ఇదే. రెండు జట్లూ ఇబ్బంది లేకుండా వెళ్లగలవు. భారత్‌లోనో పాకిస్థాన్‌లోనో ఫైనల్ ఉన్నప్పుడు ఆ రెండో దేశం అర్హత సాధిస్తే వాడుకునేలా దుబాయ్ లాంటి ప్రత్యామ్నాయ వేదికను మొదటి రోజే ప్రకటించి ఉంచాలి. 1999లో తొలి ఆసియా టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ పాకిస్థాన్, శ్రీలంక మధ్య ఢాకాలో జరిగింది. అప్పటికి బంగ్లాదేశ్‌కు టెస్టు హోదా కూడా లేదు.

డే–నైట్ టెస్టుగా ఆడిస్తే జనం ఎక్కువ వస్తారు కదా?

వద్దు. రెండేళ్లూ ఎక్కువగా ఎర్ర బంతితో ఆడి, చివరి మ్యాచ్‌లో డే–నైట్ టెస్టులకు వాడే గులాబీ బంతి పట్టుకోవడం న్యాయం కాదు.

బంతి ఏది వాడాలి?

ఆడే దేశంలో వాడేదే. ఇంగ్లండ్‌లో డ్యూక్స్, మన దగ్గర ఎస్‌జీ, ఆస్ట్రేలియాలో కూకబుర్రా. పిచ్‌కూ బంతికీ పొంతన కుదిరేది అలాగే. వేదిక రెండేళ్ల ముందే తెలిస్తే బౌలర్లు ఆ బంతితో సాధన చేసుకుంటారు.

హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఈ ఫైనల్ చూసే రోజు వస్తుందా?

2031 దాకా రాదు. ఆ తర్వాత నెల మారితే ఎందుకు రాకూడదు? 2024లో జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో వారం తేడాతో ఈ రెండు ఊళ్లూ ఇంగ్లండ్‌తో టెస్టులు జరిపాయి. రెండూ మంచి మ్యాచ్‌లే. ఉప్పల్‌లో ఓలీ పోప్ 196 కొట్టి, హార్ట్‌లీ 7 వికెట్లు తీసి ఇంగ్లండ్‌ను 28 పరుగులతో గెలిపించారు. విశాఖలో జైస్వాల్ 209, బుమ్రా 45 పరుగులకు 6 వికెట్లు, భారత్ గెలుపు. ఒక చోట స్పిన్నర్ గెలిపించాడు, ఇంకో చోట పేసర్ యార్కర్‌తో వికెట్లు ఎగరగొట్టాడు. ఇద్దరికీ పనిచెప్పే పిచ్‌లంటే ఇవే, ఫైనల్‌కు కావాల్సిందీ ఇదే. విశాఖకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల భయం ఉంది, ఫిబ్రవరిలో అది ఉండదు. తూర్పు తీరం కాబట్టి సాయంత్రం వెలుతురు తొందరగా తగ్గుతుంది. పొద్దున తొమ్మిదికే మొదలుపెడితే ఆ లోటు కొంత తీరుతుంది. ఎండకు నీడలేని స్టాండ్స్‌కు పైకప్పు, ఐదు రోజులూ టికెట్ కొన్నవాళ్లకు తాగునీళ్లు, ఊళ్లోంచి బస్సులు, ఇవి ముందు చక్కబెట్టుకోవాలి.